రాజాజ్ఞయు పిండివంటయు

సియోల్ నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఈ వారము సెలవుపై వచ్చుచు, కొరియావారి కొత్త సంవత్సరపు పండుగయగు సొల్లాల్ నాటి పిండివంటయైన యుగ్వాలు ఒక పెట్టెడు తెచ్చియిచ్చెను. మూత తీసితినో లేదో, పొరుగింటి పెద్దమనిషి "ఇవి మన మరమరాల అచ్చులే కదండీ!" అని తేల్చివేసిరి. లోకములోని ప్రతి వంటకమును తెచ్చి మన గడపకు గట్టివేయు ఈ అలవాటుపై నాకు గల అలుక పాఠకులకు గొత్త కాదు.

పైన అంటిన పేలాలను జూచి అట్లనిరిగాని, లోపలి కథ వేఱు. జిగురుబియ్యమును వారము పైబడి నీట నానవేసి, పులిసిన వాసనకు జంకక, కడిగి విసరి, ఆ పిండిలో బియ్యపు సారాయియు సోయాచిక్కుళ్లు రుబ్బిన నీళ్లును గలిపి ఆవిరిపై నుడికింతురు. ఉడికిన ముద్దను చేయి నొప్పిపెట్టువఱకు కఱ్ఱతో గిలకొట్టవలెను. ఆ దెబ్బలతో జొరబడిన గాలియే రేపు నూనెలో బొంగునది. పిదప పలుచగా పఱచి, ముక్కలు గోసి, పొయ్యివేడి క్రిందుగా బ్రవహించు ఒండోల్ నేలపై ఆరబెట్టుదురు. మఱీ యెండినచో పగులును, తడి మిగిలినచో పొంగదు. ఆరిన బిళ్లను గోరువెచ్చని నూనెలో మెత్తబడనిచ్చి, వెంటనే బాగుగా గాగిన నూనెలోనికి మార్చి, గరిటెలతో నదిమి సాగదీయుచుండగా, అది చూచుచుండగనే ఎన్నోరెట్లు ఉబ్బును. బార్లీమొలకలతో అన్నమును తియ్యనీరుగా జేసి కాచిన పాకము పూసి పేలాలలో దొర్లించుటతో పని ముగియును. విఱిచి చూచితిని: లోపల పట్టుగూటివంటి తెల్లని వల, తక్కినదంతయు గాలి!

దీని జ్యేష్ఠసోదరి యాక్‌గ్వా. గోధుమపిండికి నువ్వులనూనె రాచి, తేనెయు మద్యమును గలిపి, మందమైన మంటపై వేచి, మరల తేనెపాకమున నానవేయుదురు. కొరియానేలిన కొర్యో రాజుల కాలమున బౌద్ధోత్సవములలో ఇట్టివానికి గొప్ప ప్రతిష్ఠ. అట్టి వంటలను 1192లో మ్యొంగ్‌జోంగ్ రాజు నిషేధించి, బదులు పండ్లు పెట్టుడని శాసించెను.

సర్కారు వంటింటిలో దలదూర్చరాదని ఈ పుటలో నెన్నిమారులు వ్రాసితినో! ఆ రాజును గూడ దులిపివేయవలెననియే కలము పట్టితిని. కాని 1123లో ఆ దేశమునకు వచ్చిన చైనా రాయబారి శూ జింగ్, అచట గోధుమ అరుదనియు, వర్తకులు చైనానుండి తెచ్చుటచే పిండి మిక్కిలి ప్రియమనియు వ్రాసియున్నాడు. అంత ప్రియమైన పిండిని, ఊరిలోని తేనెను, నూనెను ఊడ్చి తెచ్చి విందులలో ఒకరినొకరు మించుటకు బోటీపడు శ్రీమంతులను దలచుకొన్నచో, ఈసారికి నేను రాజుపక్షమే. ఆయన ఆజ్ఞ మాత్రము నిలువలేదు. 1353లో కొంగ్‌మిన్ రాజు అదే నిషేధమును మరల విధింపవలసి వచ్చెను.