‘త్వమేవాహం’: ఫిర్యాదు, సాక్ష్యం, కాలం

ఆరుద్ర ‘త్వమేవాహం’ (1949) మీద జరిగిన చర్చ చాలావరకు దాని అస్పష్టత చుట్టూ, ప్రయోగం చుట్టూ తిరిగింది. అధివాస్తవికత పాలు ఎంత, పాశ్చాత్య కవుల ప్రభావం ఎంత, పాఠకునికి అందేది ఎంత అన్నవే అందులోని ప్రధాన ప్రశ్నలు. కావ్యానికి మూలమైన దురంతం మాత్రం పరిచయ వాక్యంగానే మిగిలిపోతూ వచ్చింది. రజాకార్ల దౌర్జన్యానికి తెలంగాణలో ఒక స్త్రీ బలయిన వార్తను కవి పత్రికలో చదివాడు. కావ్యం అక్కడినుంచి పుట్టింది. ఆ వార్తను పక్కన పెట్టి శిల్పాన్ని మాత్రమే చదివితే ఆ శిల్పం ఎందుకు అవసరమయిందో తెలియదు.

ఆరుద్ర తెలంగాణవాడు కాడు. విశాఖలో పుట్టి, 1942లో కళాశాల చదువుకు విజయనగరం చేరినవాడు. చాగంటి సోమయాజులు, రోణంకి అప్పలస్వామి వంటివారి సాంగత్యం అతనికి దొరికింది అక్కడే. అభ్యుదయ దృష్టి, పాశ్చాత్య సాహిత్య పరిచయం రెండూ ఆ ఊరిలో ఒకేసారి అందాయి. ఆ సంవత్సరమే యుద్ధం ఉత్తరాంధ్ర గుమ్మంలోకి వచ్చింది. ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. ‘రంగం’ వెళ్లిన కూలీలు బర్మానుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరిగివస్తున్నారు. 1943 నుంచి 1947 వరకు ఆరుద్ర వైమానిక దళంలో పనిచేశాడు. కాబట్టి దూరపు వార్త ఇంటి వార్త కావడానికి ఎంతోకాలం పట్టదని తెలిసిన తరం అతనిది. ‘త్వమేవాహం’ను తెలంగాణ పోరాట సాహిత్యంలో ఒక కోస్తా కవి సానుభూతిగా లెక్కగట్టే అలవాటు ఈ నేపథ్యాన్ని చిన్నబుచ్చుతుంది.

కావ్యం వెనుక ఉన్న 1948 సంవత్సరానికి మరొక పార్శ్వం ఉంది. సాహిత్య విమర్శ దానిని దాదాపుగా తాకలేదు. హైదరాబాదు హింస గురించి అంతర్జాతీయ వేదికకు ఒక ఫిర్యాదు నిజంగానే వెళ్లింది. పంపినవాడు నిజాం. ఆర్థిక దిగ్బంధం, దండయాత్ర బెదిరింపు తన రాజ్యాన్ని చుట్టుముట్టాయంటూ ఆగస్టు 21న అతని ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిని ఆశ్రయించింది. ఆ రాత్రే హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌పై హంతకులు దాడి చేశారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు గ్రామస్థులను సామూహికంగా కాల్చి చంపారు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. పారిస్‌లో భద్రతా మండలి 16న సమావేశమయింది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదు కనుక ఈ ఫిర్యాదుకు అర్హతే లేదని భారత ప్రతినిధి ఆర్కాట్ రామస్వామి మొదలియార్ వాదించాడు. మరునాడే నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తంతి పంపాడు.

ఈ తేదీలను వరుసగా చదివితే ఒక విషయం బోధపడుతుంది. సమితి నిబంధనావళి ప్రకారం మండలి ముందు వివాదాన్ని ఉంచగలిగేవి రాజ్యాలే. బైరాన్‌పల్లి రైతుకు, పత్రికలో నాలుగు పంక్తుల వార్తగా మిగిలిన స్త్రీకి ఆ తలుపు తట్టే హక్కు లేదు. వారిపై హింసకు బాధ్యత వహించవలసిన పాలకుడే బాధితుడి స్థానంలో నిలబడ్డాడు. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన అదే ఏడాది డిసెంబరు 10న వచ్చింది. యుద్ధకాలంలో పౌరుల రక్షణకు ఉద్దేశించిన జెనీవా ఒప్పందం 1949 ఆగస్టులో వచ్చింది. కావ్యమూ, ఒప్పందమూ ఒకే ఏటివి. వార్తలోని స్త్రీకి మాత్రం రెండూ ఆలస్యమే.

కావ్యశిల్పాన్ని ఈ ఆలస్యం వెలుగులో చూడవలసి ఉంది. కాలాన్ని కొలిచే పరికరాలను ఆరుద్ర ఇందులో ప్రతీకలుగా చేసుకున్నాడు. దీనిని కేవలం కొత్తదనం కోసం చేసిన పని అనుకుంటే కావ్యానికి అన్యాయం జరుగుతుంది. ఒక్క దుర్మార్గం జరుగుతున్న క్షణానికీ, అది వార్త అయ్యే దినానికీ, న్యాయం విచారించే సంవత్సరానికీ ఒకే కొలత సరిపోదు. బాధితురాలి గడియారం వేరు, పత్రిక గడియారం వేరు, సభామండపం గడియారం వేరు. ఈ మూడింటి మధ్య ఎడమే కావ్యంలోని అసలు భయం. అన్వయం తెగినట్లు కనిపించే చోట్ల కవి అసమర్థతను వెతకడం కంటే, కాలం తెగిన అనుభవాన్ని వెతకడం ఫలవంతంగా ఉంటుంది. అయినా కొన్ని పద్యాలు పాఠకుని ఓపికను అవసరానికి మించి పరీక్షిస్తాయన్న ఆక్షేపణ పూర్తిగా తోసివేయదగ్గది కాదు.

‘నీవే నేను’ అన్న శీర్షిక మృత్యువు మానవునితో అనే మాట. మృత్యువుకు సరిహద్దులు లేవు, అంతరంగిక వ్యవహారమన్న మినహాయింపు లేదు. ఈ మాటకు రెండవ అర్థం కూడా వినిపిస్తుంది. చచ్చిపోయిన స్త్రీ, బతికున్న పాఠకునితో అంటున్న మాటగా దానిని వినవచ్చు. అప్పుడు శీర్షిక వేదాంత వాక్యంగా కాక, ఫిర్యాదు చేసే అర్హత ఎవరిదన్న ప్రశ్నకు జవాబుగా నిలుస్తుంది. ఆమెకు వేదిక లేదు కనుక విన్నవాడే వేదిక కావాలి. సోమసుందర్ ‘వజ్రాయుధం’ (1949) నిజామును నేరుగా హెచ్చరిస్తుంది. దాని గొంతు పోరాడేవాడిది. ఆరుద్ర గొంతు సాక్షిది, అదీ కళ్లారా చూడని సాక్షిది. రెండవ చేతి సాక్ష్యం న్యాయస్థానంలో చెల్లకపోవచ్చు. అంతర్జాతీయ విజ్ఞప్తులన్నీ ఆధారపడేది మాత్రం అటువంటి సాక్ష్యం మీదనే.

ఇంత చేసిన కావ్యానికి ఒక పరిమితి ఉంది. దాని గడియారం 1948 సెప్టెంబరు 17 దగ్గర ఆగుతుంది. సైనిక చర్య తరువాత ముస్లిములపై జరిగిన హత్యాకాండను విచారించడానికి నెహ్రూ పంపిన పండిత సుందరలాల్ బృందం, మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. దశాబ్దాల తరువాత గానీ అది పరిశోధకుల చేతికి రాలేదు. ఆ హింస తీవ్రంగా ఉన్న ఉస్మానాబాద్, నాందేడ్, బీదర్, గుల్బర్గా జిల్లాలు మరాఠీ, కన్నడ ప్రాంతాలవి. తెలుగు పత్రికల వార్త మీద ఆధారపడిన కవి చూపు అటు మళ్లకపోవడానికి అది ఒక కారణం. ఏ బాధితుల వార్త అచ్చులోకి ఎక్కుతుందన్నది దానికంటే లోతైన కారణం. తెలుగు రైతాంగం మీద సైన్యం, పోలీసులు 1951 వరకు సాగించిన నిర్బంధాన్ని తరువాతి పోరాట సాహిత్యం నమోదు చేసింది. మరఠ్వాడా ముస్లిం స్త్రీ ‘త్వమేవాహం’ అన్న మాటను తెలుగు కావ్యం ఏదైనా వినిపించిందా అన్నది ఉర్దూ, మరాఠీ రచనలతో కలిపి శోధించవలసిన అంశం.