ఇదీ ఉంది, అదీ ఉంది

ఆ మధ్య ఒక సభలో నా నవల గురించి మాట్లాడుతూ ఒక విమర్శకుడు, "ఇందులో నాయికది డోలాయమాన స్థితి. అత్తగారంటే ప్రేమో, ద్వేషమో ఆమె తేల్చుకోలేకపోయింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి గిన్నెలు సర్దుకుంటూంటే అప్పుడు తోచింది, నా నాయిక తేల్చుకోలేకపోవడమేమిటని!

నాలుగేళ్ళు మంచాన పడ్డ అత్తగారికి చాకిరీ చేసిన మనిషి ఆమె. పెద్దావిడ పోయిననాడు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రాత్రే, ఎన్నాళ్ళకో, తెల్లవార్లూ ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఏడుపూ నిజమే, నిద్రా నిజమే. ఇందులో ఊగిసలాట ఎక్కడుంది?

ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఆంబివలెన్స్ అంటారు. మరీ పాత మాటేం కాదు. స్విట్జర్లాండులో బ్లాయిలర్ అనే మానసిక వైద్యుడు 1910లో వాడుకలోకి తెచ్చాడు. తర్వాత ఫ్రాయిడ్ అందుకున్నాడు. ఒకే మనిషి మీద, ఒకే వేళ, ఎదురెదురు భావాలు రెండూ బలంగా ఉండటమని దాని అర్థం. మన వ్యాసాల్లో దాన్ని సందిగ్ధమనీ, డోలాయమానమనీ రాసేస్తున్నాం. సందిగ్ధమంటే సందేహం. డోల అంటే ఉయ్యాల. ఉయ్యాల ఇటొచ్చినప్పుడు అటు ఉండదు కదా! పోనీ ద్వైధీభావం అందామా అంటే, అది కౌటిల్యుడి రాజనీతిలో మాట. ఒకరితో సంధి, మరొకరితో యుద్ధం. ఆ ఒకరూ, మరొకరూ ఒక్క అత్తగారే అయితే ఏం చెయ్యాలి?

మన వంటింటి తెలుగుకి ఈ తేడా ఎప్పుడో తెలుసు. "వెళ్ళనా, మాననా" అంటే సందిగ్ధం. "కోపమూ వస్తోంది, జాలీ వేస్తోంది" అంటే అది వేరు. మొదటిదానికి సలహా కావాలి. రెండోదానికి సలహా అక్కర్లేదు, వినే మనిషి ఉంటే చాలు.

పండితులకీ తెలుసు. సమబలం గల రెండు భావాలు ఒకదాన్నొకటి అణచకుండా కలిసి నిలిస్తే ఆలంకారికులు భావసంధి అన్నారు. ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తే భావశబలత అన్నారు. మమ్మటుడి కావ్యప్రకాశంలోనే ఈ రెండూ ఉన్నాయి. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది'లో దయానిధికి తల్లి మీద మమకారమూ ఉంది, ఆమె మీద పడ్డ అపవాదు తాలూకు బాధా ఉంది. ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యదు. దాన్ని సందేహమంటే నవలే చిన్నబోతుంది.

పేరు తప్పితే కొంప మునిగిందా అంటారేమో. మునుగుతుందండీ! మగపాత్రలో రెండూ కనిపిస్తే లోతు అంటారు. ఆడపాత్రలో కనిపిస్తే నిలకడలేనితనం అంటారు. ఆ నవల చదివి ఒకావిడ నాకు ఉత్తరం రాసింది. "మా అత్తగారు పోయినప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. నేను పాపిష్టిదాన్నా?" అని. "మీరు ఏడవలేదా?" అని అడిగాను. "ఇప్పటికీ ఏడుస్తూనే ఉన్నాను" అని జవాబొచ్చింది. ఆవిడకు లేనిది ప్రేమ కాదు, తన మనసుకి సరైన పేరు.

అన్నట్టు, ఆ విమర్శకుడి మీద నాకు కోపమూ ఉంది, నా పుస్తకం చివరిదాకా చదివారన్న సంతోషమూ ఉంది. దయచేసి దీన్ని సందిగ్ధం అనకండి!