జాబితాకెక్కని క్రైస్తవులు

కాలేజీల జూబిలీ సంచికల్లో చివరి పేజీల్ని ఎవరూ సమీక్షించరు. ప్రముఖ పూర్వ విద్యార్థులు, ప్రముఖ అధ్యాపకులు అని రెండు శీర్షికలుంటాయి. కింద పేర్లు, పేరు పక్కన పదవి. అది సాహిత్యం కాదు, వట్టి సమాచారం అని వదిలేస్తారు. మేము అలా అనుకోవడం లేదు. ఎవరి పేరు రాయాలి, పక్కన ఏది రాయాలి, ఏది రాయకుండా ఉండాలి అనే నిర్ణయాలతో తయారయ్యే ప్రతి రాతా విమర్శకు లోబడాల్సిందే. కథల్లో, కవిత్వంలో కులాన్ని వెతికి పట్టుకున్న మనం జాబితాల జోలికి పోకపోవడం మన లోపమే.

జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి చూస్తే కేథలిక్ పెద్ద చదువు అంటే విజయవాడే. మగపిల్లలకి గుణదల పక్కన యేసు సభ ఫాదర్లు నడిపే ఆంధ్ర లయోలా, ఆడపిల్లలకి 1962లో మొదలైన మేరిస్ స్టెల్లా. లయోలా 1953 డిసెంబరులో ఏర్పడి 1954లో తరగతులు మొదలుపెట్టింది. చట్టం లెక్కలో అది యూనివర్సిటీ కాదు, కాలేజీయే. కానీ మెట్టలో దానికున్న పేరు ఏ యూనివర్సిటీకీ తక్కువ కాదు. నందిగామ నుంచి యాభై కిలోమీటర్లు, పేట నుంచి డెబ్భై అయిదు. హైదరాబాదు రోడ్డు మీద బస్సెక్కితే దిగేది అక్కడే. 2022 నుంచి ఈ రెండు ఊళ్ళూ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళినా ఆ రోడ్డు మారలేదు, ఆ పేరూ మారలేదు.

ఆంధ్ర లయోలా ప్రముఖులనగానే మొదట వినిపించేది వై.ఎస్. రాజశేఖరరెడ్డి పేరు. మద్రాసు లయోలా (1925) అయితే రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్, చదరంగం ఆనంద్. అధ్యాపకుల్లో చార్లెస్ రాసీన్ అనే ఫ్రెంచి ఫాదరుంటారు. ఫ్రాన్సులో అప్పుడప్పుడే నడుస్తున్న కొత్త గణితాన్ని మద్రాసు కుర్రాళ్ళకి రుచి చూపించినవాడు. సి.ఎస్. శేషాద్రి, ఎం.ఎస్. నరసింహన్ ఆయన చేతుల్లోంచి వచ్చినవాళ్ళే. ఈ ఘనతలన్నీ నిజం. వాటితో మాకు పేచీ లేదు. మా ప్రశ్న జాబితా వ్యాకరణం మీద. అందులో పేరుకి పదవి ఉంటుంది గానీ ఊరుండదు. ఊరున్నా పేట ఉండదు. ఫీజు ఎవరు కట్టారో, ఇంట్లో అంతకుముందు ఎన్ని తరాలు చదివాయో ఉండదు. రాసీన్ ఫాదరు క్లాసులో కూర్చున్నవాడు ఎంత ఎదిగాడో చెబుతుంది. ఆ క్లాసు గుమ్మం దాకా రాగలిగిందెవరో చెప్పదు. కులం రాయకపోవడం ఉదారత్వంగా కనిపిస్తుంది. అసలది కులాన్ని కనిపించకుండా పనిచెయ్యనివ్వడం.

ఈ వ్యాకరణం నిన్నామొన్నటిది కాదు. దీని వెనక ఇద్దరు రాబర్టులున్నారు. ఒకరు రాబర్ట్ డి నొబిలి, యేసు సభవాడు. 1606లో మధుర చేరి, జంధ్యం వేసుకుని, బ్రాహ్మణ సన్యాసిలా బతికి, పైకులాల వాళ్ళని చేరదీశాడు. రెండోవాడు రాబర్ట్ నోబుల్, ప్రొటెస్టెంటు. 1843లో మచిలీపట్నంలో బడి పెట్టాడు. పైకులాల పిల్లలు రావాలంటే మాల మాదిగ పిల్లలు ఉండకూడదని తలుపు మూసే ఉంచాడు. 1852లో అక్కడ బాప్తిస్మం పొందిన ఇద్దరిలో ఒకరు బ్రాహ్మడు, ఒకరు వెలమ. మిషన్ చరిత్రల్లో వాళ్ళ పేర్లు ఎంత మురిపెంగా రాసుకున్నారో చూస్తే, ప్రముఖ పూర్వ విద్యార్థుల జాబితా అక్కడే పుట్టిందనిపిస్తుంది. పైవాణ్ణి పట్టుకుంటే కిందికి అదే దిగుతుందని ఇద్దరి నమ్మకమూ. మతశాఖలు వేరైనా లెక్క ఒకటే.

కిందికి దిగలేదు. కింది నుంచే వచ్చింది. అదే కృష్ణా జిల్లాలో, రాఘవాపురం పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. తన వాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. ఏ బడీ ఆయన్ని పిలవలేదు, ఆయనే వెళ్ళి అడిగాడు. కేథలిక్కుల వైపు మిలాను నుంచి వచ్చిన ఫాదర్లు తిరిగిన ఊళ్ళలోనూ సంఘం నిలబడింది మాలపల్లెలో, మాదిగ గూడెంలో. బెజవాడ మేత్రాసనం 1937లో ఏర్పడింది. ఫాదరుగారు ఎప్పుడో నెలకోసారి గుర్రం మీదో ఎద్దుబండి మీదో వచ్చేవారు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ జపం చెప్పించింది, పలక పట్టించింది, చావుకీ పెళ్ళికీ నిలబడింది ఉపదేశి. పాక చర్చే బడి. అరుగే బెంచీ. మెట్టలో మొదటి కేథలిక్ అధ్యాపకుడంటే ఉపదేశే గదా! ఆయన్ని ఏ సంచికలో చేర్చారు?

ఇంతవరకూ చెప్పింది మర్చిపోవడం గురించి. అసలు సంగతి ఇంకోటుంది.

మద్రాసు లయోలా అధ్యాపక ప్రముఖుల్లో ఫాదర్ జెరోమ్ డిసౌజా ఒకరు. ఆ కాలేజీకి ప్రిన్సిపాలు, తర్వాత రాజ్యాంగ సభలో సభ్యుడు. మంచి వక్త. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కూ, మైనారిటీలు విద్యాసంస్థలు పెట్టుకునే హక్కూ రాజ్యాంగంలో చేరడంలో ఆయనలాంటి వాళ్ళ వాదనకి చోటుంది. 1949 మే నెలలో మైనారిటీలకి శాసనసభల్లో కేటాయించిన సీట్లు తీసేసే చర్చ వచ్చినప్పుడు క్రైస్తవుల తరఫున అందుకు సమ్మతించిన వాళ్ళలోనూ ఆయనున్నారు. జాతి మీద నమ్మకంతో వదులుకున్నాం అన్నారు. సభ మెచ్చుకుంది. ఎవరు ఎవరి తరఫున వదులుకున్నారు? చదువూ ఆస్తీ ఉన్న క్రైస్తవుడికి ఆ సీటు లేకపోతే పోయేదేమీ లేదు. పత్తి చేలో కూలికెళ్ళే క్రైస్తవుడి సంగతి సభలో ఎవరూ అడగలేదు. మరుసటి ఏడే, 1950 ఆగస్టులో, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడికీ ముసల్మానుకీ ఇప్పటికీ తెరవలేదు.

ఇక్కడ ఒకే మాట రెండు పనులు చేస్తుంది. ‘క్రైస్తవ’ అనే మాట వల్ల కాలేజీకి ముప్పయ్యో అధికరణం కింద హక్కొస్తుంది. 2005 సవరణతో వచ్చిన 15(5) కింద, మైనారిటీ సంస్థ కాబట్టి, ఎస్సీలకి సీట్లు కేటాయించే బాధ్యత నుంచి మినహాయింపూ వస్తుంది. అదే మాట పిల్లవాడి సర్టిఫికెట్ మీద పడితే ఉన్న హక్కు పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి బీసీ ‘సి’ అనే గదిలో ఒక్క శాతం మిగులుతుంది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు, హిందూ చెప్పులు కుట్టేవాళ్ళకి ప్రభుత్వం బడ్డీలిచ్చి తనకివ్వలేదని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1985లో కోర్టు కొట్టేసింది. మతం మారాక కూడా అదే బాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చెయ్యలేదట. అదే ఏడు కారంచేడు. బాధకి రుజువు కావాలన్న ఏటినే మనం చూశాం. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, క్రైస్తవుడైన దళితుడు అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేడంది. హక్కు దగ్గర ‘క్రైస్తవ’ అంటే సంస్థ. అనర్హత దగ్గర ‘క్రైస్తవ’ అంటే మనిషి.

ఈ రెండు అంచుల మధ్య పల్లె ఏం చేసింది? రెండు పేర్లు పెట్టుకుంది. జ్ఞానస్నానం పుస్తకంలో మరియదాసు, బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు. ఆదివారం పూజలో ఒకడు, సోమవారం హాజరు పట్టీలో ఇంకొకడు. మతం గడిలో ‘హిందూ’ అని రాయించే నాన్నకి అది అబద్ధమనిపించదు, ఎరువు బస్తా మీద రాసిన ధర లాంటి ఒక లెక్క అంతే. పైవాళ్ళు దీన్ని మోసం అంటారు. మోసం చేసే అవసరం ఎవరు కల్పించారో అడగరు. మాలో కొందరం ఆ రెండు పేర్లతోనే పెరిగాం, అందుకని ఈ విషయం మీద మాకు తటస్థత లేదు.

కాలేజీ జాబితా సమస్య ఇక్కడ ముడిపడుతుంది. మెట్ట పల్లె నుంచి ఒక కేథలిక్ కుర్రాడు కేథలిక్ కాలేజీలో చేరితే, ఆ కాలేజీ కాగితాల్లో అతను హిందూ ఎస్సీ. కేథలిక్ విద్యార్థులు ఎందరని లెక్క తీస్తే అందులో ఉండడు. తన చర్చి పెట్టిన కాలేజీలో తానే బయటివాడు. రేపు పెద్ద ఉద్యోగస్తుడైనా తన మతం గురించి నోరు మెదపడు. అంటే ‘మా సంఘం కన్న ప్రముఖుడు’ అని చర్చి చెప్పుకోలేదు, అతనూ చెప్పుకోలేడు. జాబితాలో పైకులపు పేర్లు నిండుగా కనిపించడానికి పక్షపాతం ఒక్కటే కారణం కాదు. మన వాళ్ళు ఉన్నచోట కూడా మన వాళ్ళుగా కనిపించకుండా చేసిన చట్టం ఇంకో కారణం.

అలాగని మన పేర్లు అసలే లేవా? ఉన్నాయి. మరంపూడి జోజి మేత్రాణులు ఖమ్మంలో, తర్వాత 1996 నుంచి విజయవాడలో ఉన్నారు. ఆ రెండు మేత్రాసనాలూ మన మెట్టని ఆనుకున్నవే. 2000లో హైదరాబాదు అగ్రపీఠానికి వెళ్ళారు. ఆ పదవికొచ్చిన మొదటి దళితుడాయన. 2010లో పోయారు. కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు, తెలుగువాళ్ళలోనూ మొదటివారు. ఆయన 2001-03 మధ్య అమెరికాలో ఉండి, చికాగో లయోలా యూనివర్సిటీలో చదువుకున్నారు. కాబట్టి అచ్చమైన కేథలిక్ విశ్వవిద్యాలయం ‘ప్రముఖ పూర్వ విద్యార్థి’ మనకీ ఉన్నాడు. సంతోషమే. పల్లెల్లో ఆ రోజు టపాసులు కాల్చారంటే ఎగతాళి చెయ్యం. అయితే పైకులపు ప్రముఖుడి పక్కన పదవి మాత్రమే రాసే పత్రికలు, ఈయన పక్కన ‘దళిత’ అని కూడా రాశాయి. అక్కడ దాచిన కులం ఇక్కడ తప్పనిసరి ఎందుకైంది? చర్చి తన మంచితనానికి సాక్ష్యంగా కులాన్ని ఒక్కచోటే బయటపెడుతోంది. 2016 డిసెంబరులో భారత కేథలిక్ మేత్రాణుల మండలి తన దళిత విధాన పత్రంలో సంఘం లోపల అంటరానితనం ఉందని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కాలేజీల జూబిలీ సంచికలు రాసే తీరు మారాలి గదా.

లయోలా పూర్వ విద్యార్థి అయిన రాజశేఖరరెడ్డే ముఖ్యమంత్రిగా, చనిపోవడానికి వారం ముందు, 2009 ఆగస్టులో, దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని అసెంబ్లీలో తీర్మానం చేయించారు. 2023 మార్చిలో ఆయన కొడుకు ప్రభుత్వం మళ్ళీ అదే తీర్మానం చేసింది. తీర్మానం ఢిల్లీకి పోతుంది, ఢిల్లీ కమిషన్ వేస్తుంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరా తీసెయ్యమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఒక పూర్వ విద్యార్థి గురించి రాయాల్సిన వాక్యం ఇదీ అని మేమంటాం. ముఖ్యమంత్రి అయ్యాడని కాదు, అయ్యాక పల్లె తరఫున ఏం చేశాడు, ఎంత ఆలస్యంగా చేశాడు, అది ఎక్కడ ఆగింది అని.

ఒక అభ్యంతరం మాకు ఎదురవుతుంది. మిషన్ చదువే లేకపోతే మీరు ఈ వ్యాసం రాసేవాళ్ళా అని. నిజమే, రాసేవాళ్ళం కాదు. బోర్డింగులో తిన్న జొన్న సంకటీ, సిస్టరమ్మ కొట్టిన దెబ్బా, చదివించిన అక్షరమూ ఏదీ మర్చిపోలేదు. ఊరి బడి వరండాలో కూర్చోబెట్టిన రోజుల్లో ఆర్‌సీఎం బడి లోపల కూర్చోబెట్టింది. ఆ ఋణం ఉంది. కానీ ఆ ఋణం ఉపదేశికీ, పల్లెకీ, చర్చికి రాళ్ళు మోసిన ఆడవాళ్ళకీ కూడా ఉంది. కాలేజీ తన హక్కుని నిలబెట్టుకున్న ‘సంఘం’ వాళ్ళే కాబట్టి కాలేజీకి సైతం ఆ ఋణం ఉంది.

ఆంధ్ర లయోలాకి పద్నాలుగేళ్ళు వచ్చిన ఏడు 1968. ఆ ఫిబ్రవరిలో, నందిగామకీ విజయవాడకీ మధ్య అదే రోడ్డు మీదున్న కంచికచర్లలో, దొంగతనం మోపి కోటేశుని సజీవంగా తగలబెట్టారు. పార్లమెంటు దాకా వెళ్ళిన ఆ పేరు ఏ కాలేజీదీ కాదు. అదే కంచికచర్లలో పుట్టినవాడు కలేకూరి ప్రసాద్. ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ అనే కవితతో రాష్ట్రమంతా తెలిసినవాడు, 2013 మేలో ఒంగోలులో పోయాడు. మెట్ట ప్రముఖుల పేర్లు ఎవరైనా రాయబోతే ఈ ఇద్దరి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. కోటేశు పేరు పక్కన పదవి గడి ఖాళీగా ఉంటుంది. దాన్ని అలాగే అచ్చువెయ్యాలి.