వైరు సైజు తేల్చేది ఎండే

ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లోనో లివాలోనో తోట పక్కన ఖర్జూరపు పాకం తీసే చిన్న షెడ్డు వేస్తున్నారంటే, ముందు మాట్లాడుకునేది మిషన్ల ధర గురించి. వైరింగ్ సంగతి ఆఖర్న వస్తుంది. మిషన్ మీద ఎన్ని కిలోవాట్లని రాసుందో చూసి, దానికి తగ్గ వైరు లాగేస్తే పనైపోయిందనుకుంటారు. నేననేది, ఆ మిషన్ ఏ నెలలో, ఎంత వేడిలో తిరుగుతుందో తేలందే వైరు సైజు తేలదని. గల్ఫ్ ఎండల్లో ఈ ఒక్క లెక్క తప్పితే మిగతావన్నీ సరిగ్గా చేసినా లాభం లేదు.

తీపి వండే పనికి ప్రతి దేశంలోనూ ఓ రుతువుంది. మన అనకాపల్లి వైపు చెరకు గానుగలు చలికాలంలో జోరుగా ఆడతాయి. కెనడా క్యుబెక్‌లో, అమెరికా వెర్మాంట్‌లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే మేపుల్ చెట్టు రసం కారుతుంది. సుమారు 40 లీటర్ల రసం మరిగిస్తే లీటరు పాకం దిగుతుంది. పొయ్యి ఎంత మండినా, దానికి దూరంగా గోడ వెంట పోయే వైరు చుట్టూ చల్లగాలే. ఖర్జూరం కథ వేరు. అది పండేదే నడివేసవిలో, లివా ఖర్జూర ఉత్సవం జరిగేదీ సాధారణంగా జులైలోనే. పూర్వం ఆ వేడే పనివాడు. బహ్రెయిన్ కోటలో నేటికీ కనిపించే మద్బసా గదిలో నేలంతా గాళ్లు తీసి ఉంటాయి. వాటి మీద ఖర్జూరపు బస్తాలు దొంతులుగా పేరిస్తే, బరువుకీ ఉక్కకీ పాకం ఊరి, గాళ్ల వెంట కుండలోకి జారేది. కరెంటు వచ్చాక అదే వేడి వైరు మీది పీవీసీ తొడుక్కి శత్రువైంది.

ఉదాహరణకి 9 కిలోవాట్ల మరిగించే పాత్ర ఒకటి పెట్టామనుకుందాం. సింగిల్ ఫేజ్ 230 వోల్టుల మీద అది లాగేది 39 ఆంపియర్లు. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7671 పట్టికల ప్రకారం గోడ మీది పైపులో పోయే 6 ఎంఎం పీవీసీ వైరు 41 ఆంపియర్లు మోస్తుంది. సరిపోయిందనిపిస్తుంది. కానీ ఆ అంకె 30 డిగ్రీల గాలికి వేసింది. రేకుల కప్పు కింద గాలి 50 డిగ్రీలకి చేరితే 0.71తో గుణించాలి. అప్పుడు ఆ వైరు సత్తా 29 ఆంపియర్లే. 10 ఎంఎం వేసినా 40 దగ్గర అంచున ఆగుతుంది, అదే పైపులో ఇంకో సర్క్యూట్ దూర్చామా, అదీ చాలదు. అదే పాత్రని త్రీ ఫేజ్‌కి తిప్పితే ఫేజుకి 13 ఆంపియర్లే కాబట్టి 16 ఆంపియర్ల బ్రేకర్‌తో 4 ఎంఎం వైరు హాయిగా మోస్తుంది. అంటే త్రీ ఫేజ్ సప్లై కావాలా వద్దా అన్నది కూడా ఎండని లెక్కేశాకే తేలాలి.

బ్రేకర్ ఉండగా భయమేమిటని అంటారు. మిషన్ 39 లాగుతుందని 40 ఆంపియర్ల బ్రేకర్ పెడతాం. 29 మోయాల్సిన వైరులో 39 పోతున్నా దాని దృష్టిలో అంతా సవ్యమే, ట్రిప్ అవదు. తొడుగు మాత్రం లోలోపల గట్టిపడి, పెళుసెక్కి, ఏదో ఒకనాటికి పగుళ్లిస్తుంది. షెడ్డుకి ఏసీ పెడుతున్నాం కదా అంటారు ఇంకొందరు. ఏసీ చల్లబరిచేది మనుషులుండే చోటుని. వైర్లు పోయేది ఫాల్స్ సీలింగ్‌కీ రేకుకీ నడుమ, అక్కడికి ఆ చల్లదనం చేరదు. లావు వైరుకి డబ్బెక్కువన్న అభ్యంతరంలో నిజముంది. అయితే 90 డిగ్రీలు తట్టుకునే ఎక్స్ఎల్‌పీఈ కేబుల్ వాడటం, దాన్ని కప్పుకి దూరంగా గోడ దిగువన నడిపించడం, డీబీని (డిస్ట్రిబ్యూషన్ బోర్డుని) ఆవిరి గది బయట పెట్టి దూరం తగ్గించడం, ఇవన్నీ ఖర్చు తగ్గించే దారులే. పైగా అవి నక్షా దశలో దాదాపు ఊరికే వస్తాయి. గోడలు లేచాక ప్రతిదానికీ బిల్లుంటుంది.

లైసెన్సున్న కాంట్రాక్టరు గీసిన నక్షా దుబాయిలోనైతే అక్కడి విద్యుత్, నీటి సంస్థ దేవా ఆమోదం పొందాలి కదా, ఇంకా యజమానికి ఈ గొడవెందుకని అడగొచ్చు. అధికారులు పరిశీలించేది మనం రాసిచ్చిన లోడుని బట్టే. రెండో ఏడు కొనబోయే కోల్డ్ రూమ్ గురించి, తడి నేల మీద పనిచేసే మనుషుల గురించి చెప్పాల్సింది యజమానే. అక్కడి సాకెట్లకి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కట్ చేసే రక్షణ ఉండాలని పట్టుబట్టాల్సిందీ అతనే. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించడం నిషేధం. మనిషి ఒంటికి ఎండ పరిమితి ఉందని చట్టమే ఒప్పుకుంది. వైరుకి అలాంటి విరామం లేదు, కోల్డ్ రూమూ ఏసీలూ ఎక్కువ కరెంటు లాగేది ఆ గంటల్లోనే. అందుకే లోడ్ షీట్‌లో మిషన్ పేరు, కిలోవాట్లు రాసే గడుల పక్కన ఇంకో గడి గీయించాలి. వైరు పోయే చోట జులై మధ్యాహ్నం ఎన్ని డిగ్రీలన్నది అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న నక్షా మీద యజమాని సంతకం పెట్టకూడదు.