గోడ మీద మామ్మ నీడ

పెంటపాడులో కరెంటు పోయిన రాత్రి మామ్మ లాంతరు వెలిగించి వంటింటి గడప పక్కన నేల మీద పెట్టేది. దీపం కింద ఉంది కాబట్టి ఆవిడ దాని దగ్గరికి వచ్చేకొద్దీ ఎదుటి గోడ మీద నీడ పెరిగి, దూలం దగ్గర విరిగి, పైకప్పు మీదికి పాకేది. రోజూ అన్నం కలిపి పెట్టే మనిషే. ఆ క్షణంలో మాత్రం ఎవరో తెలియనట్టుండేది. చాలా ఏళ్లకు బిల్లీ వైల్డర్ తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ' (1944) చూస్తుంటే నాకు ఆ గోడే గుర్తొచ్చింది.

అలాంటి సినిమాలకు 'ఫిల్మ్ నువార్', అంటే నల్ల సినిమా, అన్న పేరు 1946లో పారిస్‌లో స్థిరపడింది. యుద్ధకాలంలో ఫ్రాన్సుకు చేరని అమెరికన్ సినిమాలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. 'ది మాల్టీస్ ఫాల్కన్', 'లారా', 'డబుల్ ఇండెమ్నిటీ' వెంటవెంటనే చూసిన విమర్శకుడు నీనో ఫ్రాంక్ వాటిలో ఒకే చీకటిని గుర్తుపట్టాడు. తీసినవాళ్లకు ఆ పేరే తెలియదు, వాళ్ల లెక్కలో అవి నేరాల కథలు, అంతే. కథలు చవక పత్రికల్లోంచి, చవక నవలల్లోంచి వచ్చాయి. నీడలు బెర్లిన్ స్టూడియోల నుంచి వచ్చాయి. హిట్లర్ రాగానే పారిపోయి హాలీవుడ్ చేరిన వైల్డర్, ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్ ఆ నీడల్ని వెంట తెచ్చుకున్నారు.

పనితనం చెప్పుకోవాలంటే దీపాల దగ్గరే మొదలుపెట్టాలి. మామూలు సినిమాలో ముఖం మీద ఒక ప్రధాన దీపం వేస్తారు. దాని వల్ల పడే నీడను మెత్తబరచడానికి రెండో వైపు నుంచి ఫిల్ లైటు వేస్తారు. నువార్‌లో ఆ రెండోదాన్ని బాగా తగ్గిస్తారు, ఒక్కోసారి ఆపేస్తారు. సగం ముఖం చీకటిలోకి పోతుంది. ఆ సగంలో ఏముందో చూసేవాడు ఊహించుకోవాలి. 'డబుల్ ఇండెమ్నిటీ'కి కెమెరా పట్టిన జాన్ సైట్జ్, హీరోయిన్ ఇంటి హాలులో సన్నటి అల్యూమినియం రజను గాలిలోకి వదిలాడు. పలకల తెరల సందుల్లోంచి వచ్చే వెలుగులో ఆ రజను తేలుతుంటే, ఎన్నాళ్లుగానో దుమ్ము దులపని, ప్రేమన్నది లేని ఇల్లని మాట అవసరం లేకుండా తెలిసిపోతుంది. వెలుగు చారలు చారలుగా హీరో కోటు మీద పడతాయి. అతను ఇంకా ఏ తప్పూ చేయలేదు, కానీ జైలు ఊచలు అప్పుడే అతని ఒంటి మీద ఉన్నాయి.

ఇలాంటి పనివాళ్లు మనకు లేక కాదు. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లోనే వెన్నెల కాయించాడు. అంతటి చేయి ఉన్నవాణ్ణి మనం వెన్నెలే అడిగాం, చీకటి అడగలేదు. అడిగినవాళ్లూ లేకపోలేదు: మద్రాసులో 1954లో ఏవీఎం వాళ్లు పాట ఒక్కటీ లేకుండా, శివాజీ గణేశన్ పాత్రను మొదట్లోనే తుపాకీ గుండుకు పడగొట్టి తమిళంలో 'అంద నాళ్' తీశారు. వీణ వాయించే ఎస్. బాలచందర్ దానికి దర్శకుడు.

తెలుగువాడు తప్పుచేసిన హీరోను ఒప్పుకోడని అంటుంటారు. నేను నమ్మను. మా వైపు ఊళ్లలో తెల్లవార్లూ పద్యనాటకాలు ఆడుతుంటే దుర్యోధనుడికి వన్స్‌మోర్‌లు కొట్టిన జనం వీళ్లు. తప్పని తెలిసీ దిగినవాణ్ణి, పోతాడని తెలిసీ కళ్లార్పకుండా చూశారు. నువార్ హీరో కూడా అలాంటివాడే. 'డబుల్ ఇండెమ్నిటీ'లో వాల్టర్ నెఫ్ భుజంలో గుండుతో అర్ధరాత్రి ఆఫీసుకు వచ్చి, రికార్డు చేసే యంత్రం ముందు కూలబడి, చంపింది నేనేనని మొదట్లోనే చెప్పేస్తాడు. ఎవరు చంపారన్న ప్రశ్న అక్కడితో సరి. తెలివైన ఇన్సూరెన్సు ఏజెంటు, బుద్ధి ఉన్నవాడు, అన్నీ తెలిసి ఎందుకు దిగాడన్నదే మిగులుతుంది. వినాశకాలే విపరీత బుద్ధి అని మనవాళ్లు ఒక్క ముక్కలో అనేసేదాన్ని ఆ సినిమా దాదాపు రెండు గంటలు లోపలి నుంచి చూపిస్తుంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను అద్దె పుస్తకాల్లో ఆత్రంగా చదివినవాణ్ణి నేను. ఆఖరి పేజీకి ముడి వీడిపోయేది, హాయిగా నిద్ర పట్టేది. నువార్ చూశాక నిద్ర పట్టదు. నాకు అదే విలువైనదిగా తోస్తుంది.

ఇక ఆడది. 'డబుల్ ఇండెమ్నిటీ' హీరోయిన్ ఫిలిస్ మెట్లు దిగి వస్తుంటే కెమెరా ముందు ఆమె కాలి గొలుసును చూస్తుంది. మన సినిమా అయితే అక్కడ ఒక పాట పడేది, పాట అయ్యాక ఆమె వెళ్లిపోయేది. అక్కడ అలా కాదు. ఆమెకు విసుగుంది, డబ్బు కావాలి, మొగుడి అడ్డు తొలగాలి. కథను నడిపే ఆలోచన ఆమెది. మనం వాంప్ అన్నదానికీ దీనికీ తేడా అదే: మనం ఆమె ఒళ్లు ఉంచుకుని మెదడు తీసేశాం.

ఈ మాట రాస్తుంటే కొవ్వలి గుర్తొస్తోంది. ఏలూరు పక్కన, దెందులూరు మండలంలో ఉందా ఊరు. 1960లో అక్కడ పుట్టిన విజయలక్ష్మి చదువు చిన్నప్పుడే ఆగిపోయి, మద్రాసు చేరి, తారల ముఖాలకు టచప్ చేస్తూ మొదలుపెట్టింది. 1980లో ఒక తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరే సిల్క్ స్మిత అన్న పేరులో నిలిచిపోయింది. తెలుగులో 'వసంత కోకిల'గా వచ్చిన బాలు మహేంద్ర సినిమా (1982)లో ఆమె ముసలి హెడ్మాస్టరు భార్య. కమల్ హాసన్ వైపు ఆమె చూసే చూపులో ఆకలి ఉంది, అవమానం ఉంది, అడగలేనితనం ఉంది. ఫిలిస్ పాత్రకు కావలసిన సరుకంతా ఆ కళ్లలో ఉంది. సినిమా ఆమెకు ఒక పాట ఇచ్చి ఊరుకుంది. 1996లో పోయేనాటికి ఆమెకు 35 ఏళ్లు. ఆమె కోసం ఒక్క నువార్ కథ ఎవరైనా రాసి ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ తీరదు.

మనవాళ్లలో ఆ చీకటిలోకి పూర్తిగా దిగినవాడు రామ్‌గోపాల్ వర్మ. 'శివ' (1989)లో తలుపు తీసి, 'సత్య' (1998)లో లోపలికి నడిచాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ తెలియని సత్య, వాన ముసిరిన బొంబాయిలో ప్రేమించిన అమ్మాయి గుమ్మం దాకా వచ్చి కూలిపోతాడు. దర్శకుడు తెలుగువాడు, సత్యగా వేసిన చక్రవర్తి తెలుగువాడు, సినిమా మాత్రం హిందీ.

ఆ కథకు బొంబాయే అక్కర్లేదు. కొల్లేరు సరస్సు వైపు రాత్రిపూట వెళ్లి చూడండి. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెంచేసింది. లీజులు, అప్పులు, ఒకరి పేరున ఇంకొకరి సాగు, ఇన్ని ముడులున్న నేల అది. ఇంకా మిగిలిన ఓ చెరువు గట్టు మీద కాపలా గుడిసె, దానికి ఒక్కటే బల్బు. ఏరేటర్లు నీళ్లను చిలుకుతూనే ఉంటాయి. ఐసు పెట్టెలు దించే వ్యాను లైట్లు గుడిసె తడిక మీద పడి, లోపల చారలు చారలుగా కదులుతాయి. అందులో ఒకామె కూర్చుని లెక్కల పుస్తకం చూస్తోంది. కెమెరా ఆమె ముఖం దగ్గరే ఆగాలి, కాళ్ల వైపు దిగకుండా.