షేకయిన ఫొటో

మన ఊళ్ళల్లో ఫొటో బాగా రాకపోతే ‘షేకయిపోయింది’ అంటారు. కెమెరా కదిలిందా, ఎదురుగా ఉన్న మనిషి కదిలిందా అని ఎవరూ విచారించరు. నేరం మాత్రం ఎక్కువసార్లు మనిషి మీదికే వస్తుంది. స్టూడియోకి వెళ్ళిన ప్రతి ఆడపిల్లా వినే మాట ‘కదలకు’. గడ్డం కాస్త దించు, చేతులు ఒళ్ళో పెట్టుకో, కదలకు. పెళ్ళివారికి పంపే ఫొటో కదా మరి, షేకయితే పనికిరాదు!

ఈ షేకవడాన్నే కావాలని, తెలిసి చేస్తే దానిని మోషన్ బ్లర్ అంటారు. ఇందులో మంత్రమేమీ లేదు. కెమెరా కన్ను సెకనులో 500వ వంతు మాత్రమే తెరుచుకుంటే పరుగెత్తే మనిషి కూడా రాతిబొమ్మలా నిలిచిపోతుంది. 15వ వంతు దాకా తెరిచి ఉంచితే ఆ కాస్త వ్యవధిలో కాలూ చెయ్యీ ఎంత దూరం పోయాయో అంతా ఒకే బొమ్మలో గీతలా పడుతుంది. కెమెరాని మనిషితోపాటే తిప్పుకుంటూ 30వ వంతులో తీస్తే మనిషి నిలిచి, వెనక ఉన్న లోకం పరుగెడుతుంది. దీన్ని పానింగ్ అంటారు. సైకిల్ మీద హైస్కూలుకు పోతున్న ఆడపిల్లని ఇలా తీస్తే ఊరూ, ఊళ్ళోని అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులూ అందరూ గీతలైపోతారు. ఆ పిల్ల ముఖం ఒక్కటే మిగులుతుంది. ఇలాంటి ఫొటోలంటే నాకు చాలా ఇష్టమని ముందే చెప్పేస్తున్నాను.

అయితే ఫొటోలో చెదిరిపోవడం అనేది స్త్రీలకు కొత్త సౌందర్యం కాదు, పాత అన్యాయం. 1838లో డాగేర్ పారిస్‌లో ఒక వీధిని ఫొటో తీశాడు. ప్లేటు మీద వెలుగు పడటానికి నిమిషాలు పట్టింది. జనంతో, బళ్ళతో కిక్కిరిసిన ఆ వీధి ఫొటోలో నిర్మానుష్యంగా కనబడుతుంది. కదిలిన వాళ్ళందరూ మాయమైపోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. తరవాత విక్టోరియా కాలపు స్టూడియోల్లో పసిపిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడానికి తల్లుల్ని గుడ్డ కప్పి కుర్చీల్లా కూర్చోబెట్టేవారు. ఒళ్ళో బిడ్డ స్పష్టంగా ఉంటుంది. తల్లి ఒక దుప్పటి. అలాంటి ఫొటోలు చూసినప్పుడల్లా మన ఫ్యామిలీ ఆల్బముల్లో వంటింటి గుమ్మం దగ్గర సగం కోసుకుపోయిన చీర చెంగులే నాకు గుర్తొస్తాయి.

వేగాన్ని కళగా చెయ్యాలని మొదట ఉబలాటపడినవాళ్ళు ఇటలీ ఫ్యూచరిస్టులు. 1909 నాటి వాళ్ళ ప్రణాళికలో వేగాన్నీ యుద్ధాన్నీ కీర్తిస్తూ, ఆ వరసలోనే స్త్రీ పట్ల తిరస్కారాన్ని కూడా కీర్తించారు. ఆ ప్రభావంలోనే బ్రగాలియా సోదరులు 1911లో టైపిస్టు అని ఒక ఫొటో తీశారు. టైప్ మిషను మీద చెదిరిన వేళ్ళు. బొమ్మ చాలా బావుంటుంది, అందులో సందేహం లేదు. ఆ ఇటాలియన్ పేరు స్త్రీలింగమే. కానీ అందులో పనిచేసే ఆడమనిషి లేదు. చేతులే ఉన్నాయి.

దీనికి సరిగ్గా ఎదురు దారిలో పోయినవాడు మైబ్రిడ్జ్. కదలికని ముక్కలు ముక్కలుగా, గడ్డకట్టించి తీశాడు. 1887లో వచ్చిన అతని ‘యానిమల్ లోకోమోషన్’లో 781 ప్లేట్లున్నాయి. వాటిలో మగవాళ్ళు పరుగెత్తుతారు, కుస్తీ పడతారు, బాక్సింగ్ చేస్తారు, బరువులెత్తుతారు. ఆడవాళ్ళు ఎక్కువగా కూజా మోస్తారు, నీళ్ళు చల్లుతారు, ఊడుస్తారు, విసనకర్ర తీసుకుంటారు. ఒక ప్లేటులో ఉలిక్కిపడి వెనక్కి తిరిగి పారిపోతుంది కూడా. స్త్రీ కదలిక మీద శాస్త్రం చేసిన పరిశోధన అది!

ఆ పుస్తకం వచ్చిన 113 ఏళ్ళకి, 2000 సెప్టెంబరు 19న, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. బలం గురించి మాట్లాడినప్పుడల్లా కోడి రామమూర్తి అని మగపేరే చెప్పుకునే మనకు అది చిన్న విషయం కాదు.

మల్లీశ్వరి అనగానే మనకు గుర్తొచ్చే బొమ్మ ఒకటే. బార్ తల మీద, మోచేతులు బిగించి, నిటారుగా. గదుల్లో, బళ్ళలో, వార్షికోత్సవ సంచికల్లో అదే. ఆ ఆటలో ఆ భంగిమ ఏమిటో కాస్త ఆలోచించండి. రిఫరీలు దించమని సైగ చేసేదాకా లిఫ్టర్ ఒంట్లో ఏ భాగమూ కదలకూడదు. అది నియమం. అంటే మొత్తం ఆటలో కదలిక లేని ఒకే ఒక్క ఘడియని ఏరి, దాన్నే ఆట అని మనకు చూపిస్తున్నారు. స్టూడియోవాడు చెప్పిన ‘కదలకు’ ఇక్కడికీ వచ్చింది. నేలమీద నుంచి బార్ లేచి, మోకాళ్ళు దాటి, తొడల్ని రాసుకుంటూ పైకి పోయి, దాని కిందికి ఆమె దూరే ఆ రెప్పపాటు ఏదీ? మెడనరాలు, తొడలు, పిరుదులు, బిగించిన దవడలు పనిచేసేది అప్పుడు. ఆడశరీరం ‘అందంగా’ ఉండని సమయం కూడా అదే. గెలుపు బొమ్మ ఆ శ్రమని తుడిచేసి ఫలితాన్ని మాత్రం ఇస్తుంది.

ఆ రోజు చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకి వెళ్ళింది. ఎత్తగలిగితే స్వర్ణం. ఎత్తలేకపోయింది. ఏడున్నర కిలోలు ఒక్కసారిగా పెంచి స్వర్ణానికి చెయ్యి చాచిన ఆ సాహసం గురించి నాకు పతకం కంటే ఎక్కువ ఆసక్తి. అది నిలబడి తీయించుకునే బొమ్మ కాదు. దాన్ని పట్టాలంటే 15వ వంతులోనే పట్టాలి, అదీ స్టాండు మీద కెమెరా పెట్టి. పాదాలు నేలకు అతికి స్పష్టంగా ఉండాలి, చక్రాలు చెదరాలి, ముఖం రెండు చోట్ల ఉండాలి. స్టాండు ఎందుకంటున్నానంటే, కెమెరా కూడా ఊగితే బరువు పోతుంది. స్పోర్ట్స్ పేజీల్లో ఆడవాళ్ళ మీద బ్లర్ వాడే పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. జిమ్నాస్టునీ, స్కేటింగ్ అమ్మాయినీ పట్టుపరికిణీలాగా, పొగలాగా చేసేస్తారు. అదే మోటారు రేసుల మగవాడి వెనక గీతలు మాత్రం కత్తుల్లా ఉంటాయి. షట్టర్ వేగం ఒకటే కావచ్చు, చూపు ఒకటి కాదు. బరువెత్తే ఆడమనిషిని మేలిముసుగుగా మార్చే బ్లర్ కంటే ఆ రాతిబొమ్మే నయం.

స్పష్టమైన ఫొటో నిజం చెబుతుందనే నమ్మకం మీద ఒక్క మాట. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది. బరువులెత్తే ఆడపిల్లలకు పేరుపడ్డ ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం అందుకుంది. స్వర్ణం పొందిన అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషిది రజతమైంది. పోడియం మీది ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా అందులో ఆమె ఇప్పటికీ మూడో మెట్టు మీదే నిలబడి ఉంటుంది. ఆమె ఎత్తిన బరువు మాత్రం మారలేదు.

ఇక పొందూరు. చక్రం తిరిగే ఊరు కాబట్టి బ్లర్ గురించి మాట్లాడుతూ పొందూరు గురించి మాట్లాడకపోతే కుదరదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, రాట్నం మీద సన్నని నూలు వడుకుతారు. వడికేది ఎక్కువగా ఆడవాళ్ళే, అందులోనూ వయసు మళ్ళినవాళ్ళే. రాట్నం ఫొటో అంటే ప్రపంచమంతటికీ తెలిసింది మార్గరెట్ బూర్క్-వైట్ 1946లో తీసిన గాంధీ ఫొటో. ఫొటో తీయాలంటే ముందు నూలు వడకడం నేర్చుకోమని ఆమెకు షరతు పెట్టారు. తీసిన ఆమె స్త్రీ, గొప్ప ఫొటోగ్రాఫర్. కానీ ఆ బొమ్మలో రాట్నం ఆగి ఉంది. గాంధీ చదువుకుంటున్నాడు. రాట్నం అక్కడ చిహ్నం. పొందూరు ఆడవాళ్ళకి అది చిహ్నం కాదు, కూలి. ఆగితే డబ్బులుండవు.

మా స్నేహితురాలి కూతురు ఫొటోలు తీస్తుంది. ఆ పిల్లతో కలిసి రెండుసార్లు పొందూరు వెళ్ళాను. తలుపు సందులోంచి వచ్చే వెలుగులో, సెకనులో నాలుగో వంతు షట్టర్‌తో ఒక ముసలమ్మని తీసింది. రాట్నం తెల్లని పళ్ళెంలా అయింది. దారం లాగే ఎడంచెయ్యి గాలిలో పొగలా చెదిరి, మణికట్టు దగ్గర గాజు మెరుపు ఒక్కటే వంకీ గీతలా పడింది. ముఖం మాత్రం నిశ్చలంగా, చుక్క కూడా చెదరకుండా ఉంది. ఏళ్ళ తరబడి చేసిన పని శరీరంలో ఎక్కడ స్థిరపడుతుందో ఆ ముఖం చెబుతోంది. నేను చూసిన మంచి ఫొటోల్లో అదొకటి. రెండోసారి వెళ్ళినప్పుడు ప్రింటు పట్టుకెళ్ళి ఇచ్చాం. ఆవిడ వెలుగులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

“నా సెయ్యి ఏదే గుంటా?” అంది.

“తిరుగుతోంది కదా మామ్మా, అందుకే అలా వచ్చింది” అంది పిల్ల.

“రాట్నం వొచ్చింది, గోడొచ్చింది, మొకం వొచ్చింది. పని సేసిన సెయ్యే నేదు” అంది.

ఈ మాటకి కళ వైపు నుంచి జవాబు చెప్పడం సులువే. లేకపోవడమే ఉండటమని, ఆ పొగే పని అని చెప్పొచ్చు. కానీ ఆవిడ అన్నది విమర్శే, నా విమర్శ కంటే గట్టిది. అమెరికాలో ఫ్రాన్సెస్కా వుడ్‌మాన్ 1970ల్లో పాడుబడ్డ ఇళ్ళలో తనని తాను చెదరగొట్టుకుని ఫొటోలు తీసుకుంది. 1981లో 22 ఏళ్ళకే చనిపోయింది కాబట్టి ఆ చెదరడాన్నంతా చావుకు సూచనగా చదువుతుంటారు. నాకైతే అందులో ఆట కనబడుతుంది, ‘మీ చూపుకి దొరకను’ అనే పంతం కనబడుతుంది. అయితే ఆ షట్టర్ ఆమెది, ఆ శరీరమూ ఆమెదే. పొందూరు ముసలమ్మ చెయ్యి చెదరాలని నిర్ణయించింది ఆవిడ కాదు. ఎన్నడూ ఫొటోలో స్పష్టంగా పడనివాళ్ళకు బ్లర్ మరో దుప్పటి కావచ్చు. అలాగని కదిలే మనిషిని బిగబట్టి కూర్చోబెట్టడమే న్యాయమంటే అదీ ఒప్పుకోలేను.

మొన్నటి తరం బాధ ఇది, ఇప్పుడు ఇంకోటి వచ్చింది. ఫోన్లు ఏ కాస్త వెలుగున్నా షట్టర్ వేగం పెంచేసి అన్నిటినీ గడ్డకట్టిస్తాయి. కదిలిన ముఖాన్ని ‘సరిచేసే’ సౌకర్యం గూగుల్ 2021లో తన పిక్సెల్ ఫోన్లలో పెట్టింది, మరుసటేడు పాత ఫొటోలకీ తెచ్చింది. మన ఆల్బముల్లో నవ్వాపుకోలేక కదిలిపోయిన మేనత్తలు, చంకలో బిడ్డ జారుతుంటే సర్దుకుంటూ చెదిరిన పిన్నులు ఇక కుదురుగా కూర్చుంటారన్నమాట!

విజయనగరం సిరిమానోత్సవం ఫొటోల గురించి రాయాలనుకున్నాను గానీ అది వేరే వ్యాసం. ఒక్కటి మాత్రం చెబుతాను. స్లో షట్టర్‌లో తీసిన ఆ బొమ్మల్లో సిరిమాను చివర కూర్చున్న పూజారి స్పష్టంగా ఉంటాడు. అరటిపళ్ళు విసురుతూ, పిల్లల్ని భుజాల మీదికెత్తుకున్న జనమంతా కింద వరదలా చెదిరి ఉంటారు. ఉత్సవం పైడితల్లిది, అంటే 1757 బొబ్బిలి యుద్ధం వెనక మిగిలిన ఒక ఆడపడుచు దుఃఖానిది. బొమ్మలో నిలిచింది మగవాడు.

ఆ పిల్ల ఊరుకోలేదు. ముసలమ్మ మాట పట్టుకుని మళ్ళీ తీసింది. ఈసారి అదే నాలుగో వంతు సెకను, కానీ షట్టర్ మూసుకునే ముందు చిన్న ఫ్లాష్ వెలిగేలా పెట్టింది. వచ్చిన దారంతా పొగలా పడి, దాని చివర చెయ్యి స్పష్టంగా నిలిచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం, పగిలిన గోరు, కాయ కాసిన చర్మం అన్నీ కనబడుతున్నాయి. నాకు ఆ ఫ్లాష్ వెలుగు నచ్చలేదు. గోడ మసిని తెల్లగా చేసి గదిని చదును చేసేసింది. మొదటిదే మంచి ఫొటో అని ఇప్పటికీ వాదిస్తాను. ముసలమ్మ రెండోదాన్ని ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. మొదటిదాన్ని మాకే తిరిగిచ్చేసింది.