కాలక్షేపం మీద ఒక అభ్యంతరం

వీడియో గేములూ, జపాన్ యానిమే చిత్రాలూ, గళ్ళ నుడికట్లూ యువతరాన్ని సామాజిక సమస్యల నుంచి మళ్ళించే మత్తుమందులే అన్న మాట మన సభల్లో తరచుగా వినబడుతుంది. నేనూ కొంతకాలం అలాగే వాదించాను. మూడింటినీ ఒకే గాటన కట్టడం విమర్శ కాదు, విసుగు మాత్రమేనని ఇప్పుడనిపిస్తోంది.

'గళ్ళ నుడికట్టు' కూర్చిన ఆరుద్ర 'త్వమేవాహం' రాసిన కవి. 'పదబంధ ప్రహేళిక' కూర్చిన శ్రీశ్రీ 1970లో విరసం తొలి అధ్యక్షుడు. ఇద్దరూ మన విశాఖపట్నంలో పుట్టినవాళ్ళే. వీళ్ళను పలాయనవాదులనే ధైర్యం ఉన్నవాళ్ళు ముందుకు రావచ్చు!

ఉప్మాకలో నా దగ్గర చదివే తొమ్మిదో తరగతి పిల్లలచేత నుడికట్లు కూర్పిస్తున్నాను. ఒక అమ్మాయి ఇచ్చిన ఆధారం ఇది: 'తినేవాడికి తీపి, వండేవాడికి చేదు – రెండక్షరాలు.' జవాబు బెల్లం. వండేవాడికి చేదెలా అవుతుందని తోటిపిల్లలు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ నాన్న అనకాపల్లి మార్కెట్టుకు దిమ్మలు తీసుకెళ్ళి ఏ ముఖంతో తిరిగొస్తాడో ఆ పిల్ల చెప్పింది. ఆ పూట పాఠం జరగలేదు. ధర ఎవరు నిర్ణయిస్తారన్న చర్చ జరిగింది.

అసలు కష్టం నిలువు మాట దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో గడికొక అక్షరం పడేస్తే సరిపోతుంది. తెలుగులో ఒత్తూ గుణింతమూ సున్నా అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. చివరి గడిలోని 'ల్లం' నిలువునా అలాగే పలకాలి. పళ్ళెం పనికిరాదు, కళ్ళెం పనికిరాదు. నాలుగు రోజులు వెతికి అల్లం పట్టుకుంది. వ్యాకరణ పాఠంలో నేను నేర్పలేనిది ఆ నాలుగు రోజుల్లో ఆమె నేర్చుకుంది. దీన్ని కాలక్షేపమంటే శ్రమ అనే మాటకు మన నిఘంటువులో అర్థం మార్చుకోవాలి.

వీడియో గేముల విషయం వేరు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించగా 2021లో వేరే పేరుతో తిరిగొచ్చిన పబ్‌జీనే తీసుకుందాం. వందమంది దీవిలో దిగి ఒకరినొకరు చంపుకోవాలి, చివరికి మిగిలినవాడిదే గెలుపు. మార్కెట్టు నీతిని ఇంత నగ్నంగా చెప్పిన కళారూపం మరొకటి నాకు తెలియదు. ఆట ఉచితం, ఆటగాడి వేషాలకు మాత్రం డబ్బు కట్టాలి. అయితే ఈ వాదం విని మా కుర్రాడొకడు, 'నలుగురం జట్టుగా ఆడతాం మాస్టారూ, పడిపోయినవాణ్ణి లేపకుండా ముందుకెళ్ళం' అన్నాడు. వ్యాపారి అమ్మిన పోటీలో పిల్లలు తమ స్నేహాన్ని దాచుకున్నారన్నమాట. ఆట నిర్మాణంపై నా అభిప్రాయం మారలేదు, ఆడేవాళ్ళపై మారింది.

యానిమేని నేను చూడకుండానే తిట్టాను, ఒప్పుకుంటున్నాను. ఇసావో తకహతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' (1988) ఆ పిల్లలే నాకు చూపించారు. కోబే నగరంపై బాంబులు పడ్డాక అన్నాచెల్లెళ్ళిద్దరు ఆకలితో చనిపోయే కథ అది. తకహతా, మియజాకీ ఇద్దరూ 1960లలో తోయ్ స్టూడియోలో కార్మికసంఘ నాయకులుగా పనిచేసినవాళ్ళని తర్వాత చదివాను. పిల్లలకది తెలియదు. సినిమా అయిపోయాక చాలాసేపు ఎవరూ లైటు వేయలేదు.